చిన్నోడి పేరు మీద ఓటు

హామిల్టన్ నుంచి కారులో అరగంట వెళితే వచ్చే ఒక చిన్న ఊళ్లో నేను తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు నా సంగతి ఇప్పటికే తెలుసు. మిగతావాళ్లకు అది ఏ ఊరైనా ఒకటే. ఒక మెయిన్ రోడ్డు, దానికి అటూ ఇటూ నాలుగైదు వీధులు, యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన ఒక హాలు, ఒక సూపర్ మార్కెట్టు. చుట్టూ ఆవుల ఫారాలు. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల పాలపొడి ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తాను. మా ఆవిడ ఊళ్లోనే ఉన్న రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకుంటుంది.

నన్ను ఆ ఊరికి తెచ్చినవాడు అన్న. సొంత అన్న కాదు. మెయిన్ రోడ్డు చివర ఆయనకో డెయిరీ ఉండేది. వీధి మూల కొట్టును ఇక్కడ డెయిరీ అంటారు. పాలు, బ్రెడ్డు, న్యూస్‌పేపరు, పొద్దున్నే మాంసం కూరిన వేడి పైలు దొరుకుతాయి. ఆయనది కరీంనగర్ వైపు. నాకన్నా పదేళ్ల ముందు స్టూడెంటుగా వచ్చి, కివీ పళ్ల తోటల్లో పనిచేసి, చివరికి ఆ కొట్టు కొనుక్కున్నాడు. నేను హామిల్టన్‌లో చదువు ముగించి ఉద్యోగం లేక, వీసా గడువు దగ్గర పడి తిరుగుతున్న రోజుల్లో ఎవరో ఆయన నంబరిచ్చారు. రోజూ తన కొట్లో పై కొనుక్కునే ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు నా గురించి చెప్పింది ఆయనే. నాకు ఇల్లు చూసిపెట్టింది కూడా ఆయనే. నాలుగు బెడ్‌రూముల పాత చెక్క ఇల్లు. ఓనర్ ఆక్లాండ్‌లో ఉంటాడు. ఒక గది నేను తీసుకుని, మిగతావి ఫ్యాక్టరీకి వచ్చే మనవాళ్లకు ఇచ్చేవాణ్ణి. తర్వాత నాకు పెళ్లయింది. మా ఆవిడ వచ్చాక కూడా రెండు మూడేళ్లు ఆ ఇల్లు అలా నిండుగానే ఉండేది.

ఆ ఇంట్లో అందరికన్నా చిన్నవాడు ఖమ్మం నుంచి వచ్చినవాడు. అందరం చిన్నోడనే పిలిచేవాళ్లం. ఇరవై ఆరేళ్లు. రెసిడెన్సీ వచ్చిన వారమే ఫారం పెట్టి ఓటరుగా నమోదు చేసుకున్నాడు. ఇక్కడ పౌరసత్వం లేకపోయినా పర్వాలేదు, రెసిడెన్సీ ఉండి, ఈ దేశంలో ఏడాది గడిపి ఉంటే ఓటు ఇస్తారు. "మా ఊళ్లో ఒక్కసారి గూడ ఓటెయ్యకముందే ఇటొచ్చిన. ఈడనే ఫస్టు ఓటు" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఆ ఏడాది జూన్‌లో, చలికాలం, వాడి కారు రిపేరులో ఉంటే షిఫ్టు దిగి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. వాన. ఫ్యాక్టరీ నుంచి ఊళ్లోకి వచ్చే రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. తెల్ల గీత, దాని పక్కన జానెడు కంకర, తర్వాత కాలువ, అంతే. వెనక నుంచి వచ్చిన యూట్, అంటే వెనక తొట్టి ఉండే పికప్ బండి, గుద్దింది. నడిపినవాడు పరారు కాలేదు. అక్కడే నిలబడి అంబులెన్సుకు ఫోన్ చేసి, వానలో వణుకుతూ ఏడ్చాడు. మనిషి కనపడలేదన్నాడు. అది అబద్ధం కాదని నాకు తెలుసు. ఆ రోడ్డు మీద నేనూ బండి నడుపుతాను.

చిన్నోడి వెన్నెముక దెబ్బతింది. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత వాళ్ల నాన్న వచ్చి ఖమ్మం తీసుకెళ్లాడు. మరుసటి మే నెలలో, మంచంలోనే పుండ్లు పడి, జ్వరం తగ్గక పోయాడని కబురొచ్చింది. ఆ రోజు నేను షిఫ్టులో ఉన్నాను. పాలపొడి బస్తాలు బెల్టు మీద వస్తూనే ఉన్నాయి. బ్రేక్ వచ్చేదాకా బెల్టు వదిలి రావడానికి లేదు.

ప్రమాదం జరిగిన నెలలోనే అన్న కౌన్సిల్ మీటింగుకు వెళ్లాడు. ఊరివాళ్లు ఎవరైనా వెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆయన ఒక కాగితం మీద రాసుకుని ఇంగ్లిషులో చదివాడు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. మేయరు చాలా మర్యాదగా విన్నాడు, జరిగినదానికి విచారం అన్నాడు. ఫుట్‌పాత్ విషయం ఇంజినీర్లకు పంపారు. మూడు నెలలకు జవాబొచ్చింది. ఆ రోడ్డు మీద నడిచేవాళ్లు చాలా తక్కువ కాబట్టి ప్రస్తుతానికి అవసరం కనబడలేదని.

"నడిచేటోళ్లు తక్కువనట తమ్మీ" అని అన్న ఆ ఉత్తరం నాకు చూపించాడు. "ఫుట్‌పాత్ లేకుంటె ఎట్ల నడుస్తరు? నడిచినోడు ఏమైండో చూసినంక ఎవడు నడుస్తడు?"

మరో రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ అదే మర్యాద. చిన్నోడు పోయిన కబురొచ్చిన తర్వాత ఒక ఆదివారం నన్నూ మా ఆవిణ్ణీ భోజనానికి పిలిచి, చారు పోసుకుంటూ చెప్పాడు.

"మేయర్‌కు నిలబడుతున్న."

వదినకు ముందే తెలుసు. ఆవిడ ముఖం చూస్తే ఇష్టం లేదని అర్థమైంది.

"కౌన్సిలర్‌గా నిలబడండన్నా ముందు. మేయరంటే జిల్లా మొత్తం కదా, మనల్ని ఎవరు గెలిపిస్తారు?" అన్నాను.

"మన దగ్గర లెక్క కాదు తమ్మీ ఈడ. మన దగ్గర ముందు కౌన్సిలర్లు గెలువాలె, మళ్ల వాళ్లందరు కూసొని చైర్మన్ను చేసుకోవాలె. ఈడ మేయర్‌ను జనమే చేస్తరు. నేను ఎవని గడప తొక్కే పని లేదు. జనం గడప తొక్కితె చాలు."

ఆ మాట అన్నప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నాకు పదహారేళ్లప్పుడు మా నాన్న మా మున్సిపాలిటీలో వార్డు కౌన్సిలర్‌గా గెలిచాడు. అంతకు ముందు కొన్నేళ్లు మా ఊళ్లో కూడా చైర్మన్‌ని జనమే నేరుగా ఎన్నుకునేవాళ్లు. ఆ పద్ధతి తీసేశాక జరిగిన మొదటి ఎన్నిక అది. ఫలితాలొచ్చిన మర్నాడు తెల్లవారక ముందే ఇంటి ముందు వ్యానొచ్చి ఆగింది. మా నాన్నను, ఇంకొంతమంది కౌన్సిలర్లను ఎక్కించుకుని సముద్రం ఒడ్డున ఏదో లాడ్జికి తీసుకెళ్లారు. క్యాంపు అంటారు దాన్ని. అక్కడ ఫోన్లు తీసేసుకున్నారు. వారం తర్వాత అదే వ్యానులో తిన్నగా మున్సిపల్ ఆఫీసు దగ్గర దించారు. వార్డులో ఏ మనిషిని తిట్టి మా నాన్న ఓట్లు అడిగాడో, ఆ మనిషినే చైర్మన్ చేయడానికి చెయ్యెత్తాడు. వార్డుకు కుళాయి లైను వేయిస్తామని మాటిచ్చారట. లైను రాలేదు. ఆడవాళ్లు బిందెలు తెచ్చి మా అరుగు మీద బోర్లించి పోయారు. మా నాన్న లోపలి గదిలో కూర్చుని బయటికి రాలేదు. నేను ఆ బిందెలు చూస్తూ నిలబడి, ఇంత పిరికివాడేమిటి ఈయన అనుకున్నాను. ఆయనతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే అన్న మాట నాకు నచ్చింది. సరే అన్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఆయన వెంట తిరిగాను.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జిల్లా అంతా తిరిగాం. ఆవులు ఈనే కాలం, రైతులకు నిద్ర ఉండదు. గేట్ల దగ్గర బురదలో నిలబడి మాట్లాడేవాళ్లు. కొందరు టీ ఇచ్చారు. కొందరు గేటు తీయకుండానే, "ఎక్కడి నుంచి వచ్చావు?" అని అడిగేవాళ్లు. అన్న ఊరి పేరు చెప్పేవాడు. "అది కాదు, అసలు ఎక్కడి నుంచి?" అనేవాళ్లు. ఆయన కరీంనగర్ అని చెప్పి, అది ఎక్కడుందో ఓపిగ్గా వివరించేవాడు. రోడ్డు పక్కన పెట్టిన మా బోర్డుల్లో సగం మీద ఎవరో ఆయన ముఖానికి నల్లరంగు పూశారు. మేం తుడిచిపెట్టాం. మళ్లీ పూశారు. ఒకదాని మీద 'వెళ్లిపో' అని రాశారు. వదిన ఆ బోర్డు కొట్టు వెనక పెట్టి, కూతురికి కనపడకుండా దుప్పటి కప్పింది.

అయినా మంచివాళ్లూ ఉన్నారు. డెబ్బై దాటిన ఒక రైతమ్మ ఉండేది. భర్త పోయాక ఒక్కతే ఫారం నడిపేది. అన్న కొట్లో పేపరు కొనేది. హాల్లో అభ్యర్థుల మీటింగు జరిగినప్పుడు ఆవిడ లేచి, "ఆ రోడ్డు మీద బండి గుద్దిన కుర్రాడి పేరు మీలో ఎంతమందికి తెలుసు?" అని అడిగింది. వేదిక మీద ఉన్న ముగ్గురిలో అన్న ఒక్కడే చెప్పాడు. చిన్నోడి అసలు పేరు, ఇంటిపేరుతో సహా. రైతమ్మ తల ఊపి కూర్చుంది, వెనక వరసల్లో కొందరు చప్పట్లు కొట్టారు. ఆ రోజు మేం గెలుస్తామని నాకు నిజంగా అనిపించింది.

ఇక్కడ పోలింగ్ బూతులుండవు. ఓటు కాగితాలు పోస్టులో ఇంటికొస్తాయి. నచ్చినవాడి పేరుకు టిక్కు పెట్టి, ఇచ్చిన కవర్లో పెట్టి పోస్టులో వేయాలి, లేదా సూపర్ మార్కెట్టులో పెట్టిన నారింజరంగు డబ్బాలో పడేయాలి. సంతకం లేదు, వేలికి సిరా లేదు. కాగితం మీద ఒక బార్‌కోడ్ ఉంటుంది. దాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం పోస్టుబాక్సు తీస్తే ఆరు కవర్లున్నాయి. నాదీ మా ఆవిడదీ రెండు. మిగతా నాలుగూ ఆ ఇంట్లో ఉండి వెళ్లిపోయినవాళ్లవి. ఆస్ట్రేలియాకు మారిన ఒక జంటవి రెండు. హామిల్టన్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిన ఒక రూమ్మేటుది ఒకటి. వాళ్లెవరూ అడ్రసు మార్చుకోలేదు. నాలుగోది చిన్నోడిది. వాడు పోయింది ఖమ్మంలో. ఆ సంగతి ఇక్కడి ఓటర్ల జాబితాకు ఎవరు చెబుతారు?

ఆ కవరు పట్టుకుని చాలాసేపు వంటింట్లో కూర్చున్నాను. మా ఆవిడ డ్యూటీలో ఉంది. కవరు చించాను. మేయరు అభ్యర్థుల పేర్లు ముగ్గురివి. అన్న పేరు రెండోది. వాడు ఉంటే ఎవరికి వేసేవాడో నాకు తెలుసు. ఆ రోడ్డు కోసం నిలబడిన మనిషికి వాడి ఓటు పడకపోతే అన్యాయం అనిపించింది. ఇది నేను ఇప్పుడు కల్పించుకున్న సాకు కాదు, అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను. వాడి కాగితం మీద టిక్కు పెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

ఆ తర్వాత మిగతా మూడూ చించాను. అప్పుడు కన్నీళ్లేమీ రాలేదు. ఆస్ట్రేలియావాళ్లు ఎలాగూ వేయరు. రూమ్మేటు మనవాడే. నాలుగింటిలోనూ రెండో పేరుకు టిక్కు పెట్టి, కవర్లు అంటించి, మర్నాడు సరుకులకు వెళ్లినప్పుడు నారింజరంగు డబ్బాలో వేశాను. పక్కనే ఒకాయన తన కవరు వేస్తూ నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

అన్నకు చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

అక్టోబరులో ఒక శనివారం ఫలితం వచ్చింది. అన్న ఓడిపోయాడు. నాలుగు ఓట్లు అటూ ఇటూ అయితే మారే ఓటమి కాదు, చాలా తేడాతో ఓడిపోయాడు. అయినా మేం ఊహించినదానికన్నా ఎక్కువమందే వేశారు. రెండో స్థానం. మా ఇంట్లో అందరం కూర్చుని బిర్యానీ తిన్నాం. అన్న నవ్వుతూ, "మూడేండ్ల తర్వాత మళ్ల చూద్దాం" అన్నాడు. కొత్త మేయరు ఫోన్ చేసి, ఆ రోడ్డు గురించి కూర్చుని మాట్లాడదామన్నాడని కూడా చెప్పాడు.

మూడు వారాల తర్వాత హామిల్టన్ నుంచి రూమ్మేటు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నాకేదో ఉత్తరం వచ్చింది. నా పేరు మీద రెండు ఓట్లు పడ్డాయంట. నేను ఒక్కటే కదా వేసింది!"

వాడు చెబుతూ పోయాడు. తనకు కాగితాలు అందలేదని, ఆఖరి వారంలో సెలవు పెట్టుకుని, అరగంట డ్రైవ్ చేసుకుని కౌన్సిల్ ఆఫీసుకు వచ్చి, అక్కడ ఫారం నింపి స్పెషల్ ఓటు వేశాడట.

"మనాయన నిలబడ్డాడుగా, వెయ్యకపోతే ఎలా అని వచ్చా. ఇప్పుడు రెండూ పక్కన పెట్టేశారంట. పోలీసులకి ఇచ్చారంట. నాకేమైనా అవుద్దంటావా?"

వాడి నిజమైన ఓటు, నేను వేసిన దొంగ ఓటు, రెండూ అన్నకే. రెండూ చెల్లలేదు.

"ఏం కాదులేరా. ఏదో పొరపాటై ఉంటది" అన్నాను.

ఒక పేరు దగ్గర మొదలైతే అడ్రసు దొరుకుతుంది, అడ్రసు దొరికితే మిగతా పేర్లు దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో ఉన్న ఇద్దరికి ఫోన్ వెళ్లింది. చిన్నోడికి ఫోన్ చేయబోయి, వాడు చనిపోయి ఆరు నెలలైందని తెలుసుకున్నారు. పోలీసులు ముందు నా దగ్గరికి రాలేదు. బార్‌కోడ్‌ను బట్టి కాగితాలు తీసి చూస్తే ఆ నాలుగు ఓట్లూ ఎవరికి పడ్డాయో, ఆ మనిషి కొట్టుకే వెళ్లారు.

ఆ సాయంత్రం అన్న నన్ను పిలిచాడు. కొట్లో ఎవరూ లేరు. ఫ్రిజ్ మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇల్లు నీది. కవర్లు నీ డబ్బాలకే వచ్చినయ్. నీకేమన్న తెలుసా తమ్మీ?"

"లేదన్నా. పాతవాళ్ల కవర్లు వస్తే పారేశాను. ఎవరన్నా చెత్తలోంచి తీసుకున్నారేమో."

ఆయన నా కళ్లలోకి చూశాడు. తర్వాత తల ఊపాడు. "నేను గూడ గట్లనే చెప్పిన పోలీసమ్మకు. మావోడు చెయ్యడు అని."

నేను ఇంటికి వచ్చేశాను. మా నాన్న వయసులో సగం కూడా లేని రోజున ఆయన్ను పిరికివాడనుకున్నాను. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాను. మా ఆవిడ ఏమైందని అడిగితే షిఫ్టు అలసట అన్నాను.

చనిపోయిన మనిషి ఓటేశాడన్న వార్త లోకల్ పేపర్లో వచ్చింది. ఊరి ఫేస్‌బుక్ పేజీలో ఎవరెవరో ఏమేమో రాశారు. వీళ్ల దేశంలో ఇంతేనట, శవాలు కూడా లేచి ఓటేస్తాయట అని ఒకడు రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు వరుసగా పడ్డాయి. పొద్దున్నే పై కొనుక్కునే ఫ్యాక్టరీవాళ్లు పెట్రోలు బంకు దగ్గర కొనుక్కోవడం మొదలుపెట్టారు. అన్నను ఎవరూ ఏమీ అనలేదు. కొట్లోకి రావడం మానేశారు, అంతే. రోడ్డు గురించి మాట్లాడదామన్న కొత్త మేయరు మళ్లీ ఫోన్ చేయలేదు.

రైతమ్మ మాత్రం పేపరు కోసం వచ్చేది. ఒక శనివారం నేను కొట్లో ఉండగా వచ్చి, పేపరు తీసుకుని, "నువ్వు కాదని నాకు తెలుసు. అయినా నన్ను అడుగుతున్నారు, వాడికెందుకు వేశావని. ఏం చెప్పాలో తెలియడం లేదు" అంది. అన్న చిల్లర లెక్కపెట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వెళ్లాక లోపలి గది తలుపు దగ్గర అన్న కూతురు నిలబడి ఉంది. పదిహేనేళ్ల పిల్ల. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఇంగ్లిషే.

"డాడ్, మనం చీట్ చేశామా?" అని ఇంగ్లిషులో అడిగింది.

"లేదమ్మ."

"స్కూల్లో అందరూ మనమే అంటున్నారు. ఒట్టేసి చెప్పు."

ఆయన కౌంటరు వెనక నుంచి బయటికొచ్చి, ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది. తండ్రి మాట నమ్మిందో లేదో దాని ముఖం చూస్తే తెలియలేదు.

"అన్నా, నేనే" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. చిన్నోడి కవరు చించడం దగ్గర నుంచి డబ్బాలో వేయడం దాకా అంతా చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెబితే వద్దంటారని."

"అంటె వద్దంటనని తెలుసు నీకు."

ఆయన లేచి కొట్టు తలుపు మూసి వచ్చాడు.

"ఓడిపోయిన, దానికేం లేదు. ఎవని ఇంటికి పోయినా గేటు కాడ నిలబడి మొత్తుకున్న. ఈ ఊరోళ్లు అంతమంది నా పేరుకు టిక్కు పెట్టిన్రు. మన మొఖం చూడనోళ్లు గూడ పెట్టిన్రు. ఆ ముసలామె పెట్టింది. ఇప్పుడు వాళ్లు బయటికి చెప్పుకునేటట్టు లేదు. నాలుగు కాయితాల కోసం వాళ్లందరి ఓట్లు గలీజు జేసినవ్ గదరా."

అంతకు ముందు ఎప్పుడూ ఆయన నన్ను 'రా' అనలేదు.

మర్నాడు నేనే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడి కానిస్టేబుల్ ఆడమనిషి. నేను చెప్పిందంతా ఓపిగ్గా టైపు చేసుకుని, మధ్యలో మంచినీళ్లు ఇచ్చింది. హామిల్టన్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాను. జైలు వేయలేదు. కమ్యూనిటీ వర్క్ వేశారు. వారాంతాల్లో ఆరెంజ్ జాకెట్ వేసుకుని పార్కుల్లో, రోడ్ల పక్కన ముళ్లపొదలు నరకాలి. నా పేరు పక్కన నేరం నమోదైంది. పౌరసత్వానికి పెట్టిన దరఖాస్తు ఆగిపోయింది. ఫ్యాక్టరీ ఉద్యోగం పోలేదు. క్యాంటీన్లో నా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు మాత్రం తగ్గారు.

మా ఆవిడ అరవలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండా అడిగింది.

"నా కవరు కూడా నువ్వే నింపావా?"

"లేదు. నీది నువ్వే నింపుకున్నావుగా."

"ఏమో. ఆ రోజు నింపి టేబుల్ మీద పెట్టి డ్యూటీకెళ్లా. తర్వాత నువ్వే డబ్బాలో వేశానన్నావు."

ఆవిడ కవరు నేను తెరవలేదు. అదే చెప్పాను. ఆవిడ సరే అంది. ఆ సరేలో నమ్మకం లేదు. దాన్ని నిరూపించే దారి నాకు ఈ రోజుకూ లేదు.

కోర్టు వార్త ఎవరో ఖమ్మం దాకా పంపారు. పేపర్లో చిన్నోడి పూర్తి పేరు ఉంది. ఒక ఉదయం ఫోన్ మోగింది. చిన్నోడి అమ్మ. ఆవిడ నాకు అప్పటిదాకా ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

"బాబూ, మా పిలగాని పేరు మీద ఓటు పడ్డదంట గదా?"

"అవునమ్మా. నేనే వేశాను. తప్పు చేశాను."

"ఎవరికేసినవ్?"

"రోడ్డు కోసం కొట్లాడినాయనకి. వాడు పడిపోయిన రోడ్డు కోసం."

అవతల ఆవిడ ఎవరికో టీవీ ఆపమని చెప్పడం వినపడింది.

"వాడు నాకు చెప్పిండు, అమ్మా ఈడ నాకు ఓటొచ్చింది, ఎలక్షన్ రాంగనే ఏస్త అని. వాడి ఫస్టు ఓటు వాడు ఏసుకోలే. నువ్వు ఏసినవ్" అంది. తర్వాత, "ఇంక వాని పేరు ఎక్కడ తియ్యకు బాబూ. వాడు పోయిండు. పోనియ్యి" అని పెట్టేసింది.

ఫిబ్రవరిలో అన్న కొట్టు అమ్మేశాడు. ఆక్లాండ్‌లోని ఫ్లాట్ బుష్‌లో వదిన తమ్ముడి ఇంటి దగ్గర ఇల్లు తీసుకున్నారు. కూతుర్ని అక్కడి స్కూల్లో వేస్తారు. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. కొట్టు అద్దం మీద కొత్త ఓనర్ పెట్టిన కాగితం చూసి తెలుసుకున్నాను. సామాను ఎత్తే రోజున పిలవకపోయినా వెళ్లాను. వదిన నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. అన్న ఒక్కడే సోఫాను ట్రక్కులోకి ఈడుస్తున్నాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను. ఆయన వద్దనలేదు. సోఫా, మంచాలు, ఫ్రిజ్, దేవుడి పటాల పెట్టె, అన్నీ ఇద్దరం కలిసి ఎక్కించాం. 'జరుపు', 'ఆగు', 'మెల్లగ' తప్ప ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. ఎండకు ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి.

అంతా ఎక్కించాక ట్రక్కు తలుపు వేస్తూ, "వస్తా ఉంటానన్నా ఆక్లాండ్. ఫోన్ చేస్తాను" అన్నాను.

"నువ్వు చెయ్యకు" అన్నాడు. "నాకు చెయ్యబుద్ధయితే నేనే చేస్త."

మూడు నెలలవుతోంది. ఫోన్ ఇంకా రాలేదు.